మొక్కై వంగితే చాలునా?
సైనిక నర్సింగ్‌లో యువ నాయకత్వం గురించి కొన్ని ఆలోచనలు

దుబాయ్ మహానగరపు అంచున, ఒకనాటి ఇసుక నేల మీద వెలసిన అల్ వర్సాన్ ప్రాంతంలో ప్రపంచ పటమంతా పేర్ల రూపంలో దర్శనమిస్తుంది. అక్కడి ఇంటర్నేషనల్ సిటీలోని భవన సముదాయాలకు చైనా, పర్షియా, మొరాకో, గ్రీస్, స్పెయిన్, ఇంగ్లండ్ వంటి దేశాల పేర్లు పెట్టారు. ఆ భవనాలలో ఎన్నో తెలుగు కుటుంబాలు కాపురముంటున్నాయి. సాయంత్రం వేళ ఒక ఇంటి నుంచి ఇంగువ పోపు వాసన వస్తుంటే, మరొక ఇంటి నుంచి రాత్రి విధికి బయలుదేరే నర్సు మెట్లు దిగుతూ కనిపిస్తుంది.

2020లో కరోనా మహమ్మారి విజృంభించిన నాడు ఇదే అల్ వర్సాన్‌లోని కొన్ని భవనాలు రోగులను వేరుగా ఉంచే కేంద్రాలుగా మారాయి. ఆరోగ్య శాఖ వారికి తోడుగా భారతీయ స్వచ్ఛంద సేవకులు కూడా అక్కడ పనిచేశారు. నివసించడానికి కట్టిన గదులు వార్డులయ్యాయి. ఏ అంతస్తులో ఎవరిని ఉంచాలి, ఆయాసం పెరిగిన వారిని ఎప్పుడు పెద్ద ఆసుపత్రికి పంపాలి, భాష తెలియని రోగికి ధైర్యం ఎలా చెప్పాలి అన్న ప్రశ్నలకు ఏ పాఠ్య గ్రంథంలోనూ సిద్ధంగా సమాధానం లేదు. అటువంటి చోట పెద్ద వైద్యుడు ఒక్కడే ఉంటాడు, గదులు వందలుంటాయి. కనుక ప్రతి అంతస్తులోనూ అప్పటికప్పుడు ఆలోచించి, నిర్ణయించి, ఆ నిర్ణయానికి బాధ్యత వహించగల చిన్న వయసు నాయకులు అవసరమవుతారు.

యుద్ధభూమికి దగ్గరగా ఉండే ఆసుపత్రిలో ఈ పరిస్థితి అపవాదం కాదు, నిత్యకృత్యం. అందుచేతనే సైనిక నర్సింగ్ సేవలో చేరిన యువ అధికారిణులను మారే పరిస్థితులకు తగినట్లు మారగల నాయకులుగా ఎలా తీర్చిదిద్దాలన్నది ఆ శాఖకు మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదు. కన్నబిడ్డలను ఏ వృత్తిలోకి పంపాలా అని ఆలోచించే ప్రతి కుటుంబానికీ అందులో నేర్వదగినది ఉన్నది.

చరిత్రలో కొన్ని పుటలు

అరబ్బుల చరిత్రలో రుఫైదా అల్ అస్లమియా అనే స్త్రీ 7వ శతాబ్దంలో క్షతగాత్రుల కోసం గుడారంలో చికిత్సాలయం నడిపిందని చెబుతారు. ఆధునిక కాలంలో ఫ్లారెన్స్ నైటింగేల్ 38 మంది నర్సులతో 1854 నవంబరులో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరుకున్నది. ఆమెను దీపధారిణిగానే లోకం గుర్తుంచుకున్నది గాని, ఆమె చేతిలో దీపం కంటె పదునైన ఆయుధం గణాంక శాస్త్రం. శత్రువు తుపాకీ కంటె మురుగునీరు ఎక్కువమంది సైనికులను చంపుతున్నదని ఆమె 1858లో రేఖాచిత్రాలతో నిరూపించింది. భారతదేశంలోని బ్రిటిష్ సైనికుల ఆరోగ్యంపై 1863లో వెలువడిన రాయల్ కమిషన్ నివేదిక ప్రకారం ప్రతి వేయిమందిలో ఏటా 69 మంది మరణిస్తుండేవారు. ఆ నివేదిక వెనుక నైటింగేల్ కృషి ఎంతో ఉన్నది.

1888లో శిక్షణ పొందిన నర్సులు పదిమంది ఇంగ్లండు నుంచి బొంబాయి రేవులో దిగడంతో భారతదేశపు సైనిక ఆసుపత్రులలో వ్యవస్థీకృతమైన నర్సింగ్ ప్రారంభమయింది. 1926 అక్టోబరు 1న శాశ్వతమైన భారత సైనిక నర్సింగ్ సేవ ఏర్పడింది. ఆ తేదీనే నేటికీ ఆ శాఖ తన వ్యవస్థాపక దినంగా జరుపుకొంటున్నది. భారత సైన్యంలో మేజర్ జనరల్ హోదాను అందుకున్న మొదటి మహిళ వైద్యురాలు కాదు, న్యాయవాది కాదు. సైనిక నర్సింగ్ సేవకు చెందిన జి. ఎ. రామ్. ఆ సంవత్సరం 1976. ఈ సంగతి తెలిసిన తెలుగు ఇళ్ళు ఎన్ని ఉంటాయో చెప్పడం కష్టం.

తెలుగు నేలకూ సైనిక వైద్యానికీ పాత బంధుత్వమే ఉన్నది. మలేరియాను దోమ మోసుకొస్తుందనడానికి కీలకమైన ఆధారాన్ని సైనిక వైద్యుడైన రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులోనే కనుగొన్నాడు. సికింద్రాబాదు సైనిక ఆసుపత్రి, విశాఖపట్నంలోని నావికాదళ ఆసుపత్రి ఐ.ఎన్.హెచ్.ఎస్. కల్యాణి ఎందరో యువ నర్సింగ్ అధికారిణులకు పనినేర్పిన బడులు.

తొలి రాత్రి విధి

నాలుగేళ్ళ బి.ఎస్‌సి. నర్సింగ్ పూర్తిచేసి లెఫ్టినెంటు హోదాతో సైనిక ఆసుపత్రిలో అడుగుపెట్టే అమ్మాయి వయసు ఇరవై రెండు, ఇరవై మూడు ఉంటుంది. వార్డులో ఆమె కింద పనిచేసే నర్సింగ్ అసిస్టెంట్లలో కొందరు ఆమె తండ్రి వయసు వారు. సరిహద్దులో మంచునూ మంటనూ చూసివచ్చిన సైనికులు. అధికారం ఆమె భుజం మీది నక్షత్రాలలో ఉన్నది, అనుభవం వారి చేతులలో ఉన్నది. ఈ రెండింటినీ కలపడమే ఆమె నేర్చుకోవలసిన మొదటి నాయకత్వ పాఠం. ఆజ్ఞాపించి మాత్రమే పని చేయించుకోవాలనుకుంటే అనుభవం మౌనం వహిస్తుంది. అన్నీ వారికే వదిలివేస్తే బాధ్యత గాలికి పోతుంది.

ఆ తొలి రాత్రిని ఊహించుకోవచ్చు. ఒక రోగికి ప్రాణవాయువు పెట్టారు. పెద్ద సిలిండరులో సుమారు 7 ఘనపు మీటర్లు, అంటే 7,000 లీటర్ల వాయువు ఉంటుంది. నిమిషానికి 10 లీటర్ల చొప్పున ఇస్తే 700 నిమిషాలు వస్తుంది. రాత్రి 8 గంటలకు తెరిస్తే ఉదయం 7 గంటల 40 నిమిషాల దాకా చింతలేదు. పగటి బృందం వచ్చేస్తుంది. కాని అర్ధరాత్రికి ముందే రోగి పరిస్థితి దిగజారి నిమిషానికి 15 లీటర్లు అవసరమైతే? మొదటి నుంచీ ఆ వేగంతోనే వాడితే సిలిండరు 467 నిమిషాలలో, అంటే తెల్లవారుజామున 4 గంటలు కాకముందే ఖాళీ అవుతుంది. సహాయం దొరకడం అన్నిటికంటె కష్టమైన వేళ అది.

సూచనలను తుచ తప్పకుండా పాటించే నర్సు మీటరు ముల్లు ఎర్ర గీతను తాకినప్పుడు పరుగెత్తుతుంది. పరిస్థితిని ముందుగా చదవగల నర్సు రాత్రి 8 గంటలకే ఈ లెక్క వేసుకొని, రెండవ సిలిండరు ఎక్కడున్నదో, దాన్ని మోసుకురావడానికి ఎవరున్నారో, పాన చేతికందుతుందో లేదో చూసుకుంటుంది. మార్పుకు తగినట్లు మారడమంటే ఆపద వచ్చాక కంగారుగా ఏదో ఒకటి చేయడం కాదు. రాగల మార్పును ముందే మనసులో నడిపించి చూసుకోవడం. దీనికి కావలసినది పుట్టుకతో వచ్చిన ధైర్యం కాదు, కూడికలూ భాగహారాలూ, వాటిని సమయానికి వేసుకోవాలన్న అలవాటు. అలవాటు నేర్పగలిగినదే గదా!

నెత్తురు చెప్పే నీతి

అనువర్తన శక్తికి రసాయన శాస్త్రంలో ఒక చక్కని ఉపమానం ఉన్నది. మనిషి రక్తపు పీహెచ్ విలువ 7.35కూ 7.45కూ నడుమ నిలిచి ఉంటుంది. పరుగెత్తినా, ఉపవాసమున్నా, పుల్లని పచ్చడి తిన్నా ఆ హద్దు దాటదు. ఇందుకు ప్రధాన కారణం రక్తంలోని బైకార్బనేట్ బఫర్. ఆమ్లం వస్తే దాన్ని తనలో కలుపుకుంటుంది, క్షారం వస్తే తనలోని ఆమ్లాంశాన్ని వదులుతుంది. రాయిలా ఎదిరించదు, నీటిలా జారిపోదు. ఇచ్చి పుచ్చుకుంటూనే తన స్థానం నిలబెట్టుకుంటుంది.

అయితే శాస్త్రజ్ఞులు గమనించే ఒక విచిత్రం ఇందులో ఉన్నది. ఏ బఫరైనా తన పీకేఏ విలువకు దగ్గరలోనే బలంగా పనిచేస్తుంది. బైకార్బనేట్ బఫర్ పీకేఏ 6.1. రక్తపు పీహెచ్ దానికి చాలా ఎగువన ఉన్నది. గాజు బీకరులో పోసి పరీక్షిస్తే ఈ బఫర్ అక్కడ బలహీనంగానే తోస్తుంది. మరి శరీరంలో ఇంత సమర్థంగా ఎలా పనిచేస్తున్నది? బీకరుకు లేని అండ శరీరంలో దానికి ఉన్నది. ఏర్పడిన బొగ్గుపులుసు వాయువును ఊపిరితిత్తులు ఎప్పటికప్పుడు బయటకు పంపుతాయి. తరిగిన బైకార్బనేట్‌ను మూత్రపిండాలు తిరిగి భర్తీ చేస్తాయి. బఫర్ గొప్పతనం సగం దానిది, సగం దాని వెనుకనున్న వ్యవస్థది.

యువ నాయకురాలి విషయంలోనూ ఇదే సత్యం. ఆమెను ఒంటరిగా బీకరులో పెట్టి, ఒత్తిడి అనే ఆమ్లాన్ని చుక్క చుక్కగా పోస్తూ, ఎంతవరకు తట్టుకుంటుందో చూడడం శిక్షణ అనిపించుకోదు. ఆమె మోసే భారాన్ని ఎప్పటికప్పుడు దించే పై అధికారి, తరిగిన శక్తిని భర్తీ చేసే విశ్రాంతి, సరిపడినంత సిబ్బంది ఉన్నప్పుడే ఆమె అనువర్తన శక్తి నిలుస్తుంది. సర్దుకుపోయే గుణాన్ని పొగుడుతూ సిబ్బంది కొరతను కప్పిపుచ్చే ఆసుపత్రులు ఏ దేశంలోనైనా ఉంటాయి. అటువంటి చోట బఫర్ సామర్థ్యం ఒకనాడు హఠాత్తుగా అయిపోతుంది. అప్పుడు పీహెచ్ మెల్లగా జారదు, ఒక్కసారిగా పడిపోతుంది.

మూడు గంటల గీత

అనువర్తన శక్తికి మూలం విషయ పరిజ్ఞానమని చెప్పడానికి మరొక ఉదాహరణ చాలు. గాయపడిన సైనికుని మరణానికి ముఖ్య కారణం రక్తస్రావం. ట్రానెగ్జామిక్ ఆమ్లం అనే మందు గడ్డకట్టిన రక్తం కరిగిపోకుండా కాపాడుతుంది. లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని పోలిన ఈ అణువు ప్లాస్మినోజన్ మీద లైసిన్ కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది. దానితో ప్లాస్మినోజన్ ఫైబ్రిన్ వలను అంటుకోలేకపోతుంది. జపానుకు చెందిన ఉటాకో ఒకామొటో తన భర్త షోసుకేతో కలిసి 1962లో ఈ మందును లోకానికి అందించింది.

నలభై దేశాలలో ఇరవైవేల మందికి పైగా క్షతగాత్రులపై జరిగిన క్రాష్-2 పరిశోధన 2010లో ఈ మందు ప్రాణాలు నిలుపుతుందని తేల్చింది. మరుసటి సంవత్సరం అదే సమాచారాన్ని మళ్ళీ విశ్లేషించినప్పుడు ఒక గంభీరమైన సంగతి బయటపడింది. గాయమైన మూడు గంటలలోపు ఇస్తే మేలు చేసే ఈ మందు, మూడు గంటలు దాటిన తరువాత ఇస్తే రక్తస్రావ మరణాల ముప్పును పెంచుతున్నది.

క్షతగాత్రుడు గుడారానికి చేరేసరికి ఎంత సమయం గడిచింది? వెంట వచ్చిన సైనికుడు చెప్పే కాలం నమ్మదగినదా? చీటీ మీద వ్రాసిన వేళ గాయమైన వేళా, లేక బండి ఎక్కించిన వేళా? ఈ ప్రశ్నలు అడగవలసినది గాయాన్ని మొదట చూసే యువ నర్సింగ్ అధికారిణి. ‘రక్తం కారుతుంటే ఈ మందు ఇవ్వాలి’ అని మాత్రమే నేర్పితే ఆమె చేతిలో ఒక ఆజ్ఞ ఉంటుంది. ఆ మందు ఎందుకు పనిచేస్తుందో, ఎప్పుడు పనిచేయదో నేర్పితే ఆమె చేతిలో విచక్షణ ఉంటుంది. ఆజ్ఞ ఒక పరిస్థితికి పనికివస్తుంది, విచక్షణ వేయి పరిస్థితులకు పనికివస్తుంది.

విశాఖ నేర్పిన పాఠం

ఇది యుద్ధభూమికే చెందిన విషయమని భావించనక్కరలేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం శివారు ఆర్.ఆర్. వెంకటాపురం వద్ద ఒక కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మందిని బలిగొన్నది. స్టైరీన్ ఆవిరి గాలికంటె మూడున్నర రెట్లు బరువైనది. అందుచేత అది పైకి లేచిపోక నేలను అంటిపెట్టుకొని పాకింది. పడుకొని నిద్రిస్తున్నవారిని ముందుగా చేరింది. వందలాది మంది ఒక్కసారిగా కింగ్ జార్జ్ ఆసుపత్రికి చేరుకున్నారు.

అప్పటికి కొద్ది వారాల ముందే విశాఖ నావికాదళ డాక్‌యార్డు నిపుణులు కరోనా రోగుల కోసం ఒక చిన్న సాధనాన్ని తయారుచేసి ఉంచారు. ఒకే సిలిండరు నుంచి ఆరుగురు రోగులకు ప్రాణవాయువు అందించే గొట్టాల అమరిక అది. ఒక ఆపద కోసం చేసిన ఆ సాధనాలను ఊహించని మరొక ఆపద రాగానే ఆసుపత్రికి తరలించారు. అనువర్తనకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం తెలుగు నేల మీద దొరకడం అరుదు.

కాని సాధనం వచ్చినంత మాత్రాన పని ముగియదు. పైన వేసిన లెక్కనే మళ్ళీ వేస్తే, ఆరుగురికి నిమిషానికి 5 లీటర్ల చొప్పున 30 లీటర్లు ఖర్చవుతుంది. ఏడువేల లీటర్ల సిలిండరు నాలుగు గంటలైనా రాదు. పడకల సమస్య తీరిన చోట కాలం సమస్య మొదలవుతుంది. ఇక రసాయనం అంటిన బట్టలను విప్పించి, ఒంటిని నీటితో కడిగించకుండా రోగిని వార్డులోకి తెస్తే, ఆ ఆవిరి వార్డులోకీ వస్తుంది. ఈ విషయం తెలిసిన ఒక్క నర్సు వాకిట్లో నిలబడి ‘ముందు స్నానం, తరువాత మంచం’ అని గట్టిగా చెప్పగలిగితే లోపలి సిబ్బంది అందరికీ రక్ష. అలా చెప్పే అధికారం తనకున్నదని ఆమెకు ముందే తెలిసి ఉండాలి. ఆపద ముంచుకొచ్చిన వేళ అధికారాలు పంచుకోవడానికి వ్యవధి ఉండదు.

2021 ఏప్రిల్‌లో భారతదేశం ప్రాణవాయువు కోసం అల్లాడినప్పుడు, వాయుసేనకు చెందిన సి-17 విమానాలు దుబాయ్ నుంచి ఖాళీ క్రయోజెనిక్ ట్యాంకులను పశ్చిమ బెంగాల్‌లోని పానాగఢ్‌కు మోసుకుపోయాయి. అల్ వర్సాన్ వాసులు నిత్యం చూసే ఆకాశంలోనుంచే అవి వెళ్ళాయి. ట్యాంకు నుంచి రోగి ముక్కు దాకా ఉన్న దూరంలో ఆఖరి పది అడుగులు ఎప్పుడూ నర్సువే.

తప్పును చెప్పగల ధైర్యం

హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎమీ ఎడ్మండ్‌సన్ 1990ల దశకంలో ఆసుపత్రి వార్డులలో మందుల పొరపాట్లను పరిశీలించింది. మంచి నాయకత్వం ఉన్న బృందాలలో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆమె అనుకున్నది. ఫలితం తలక్రిందులుగా వచ్చింది. మంచి బృందాలలోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. తరచి చూస్తే తేలినదేమంటే, ఆ బృందాలలోని నర్సులు పొరపాటును దాచకుండా చెప్పగలుగుతున్నారు. మిగిలిన చోట్ల భయం వాటిని కప్పిపెడుతున్నది.

ఆపరేషను గదిలో వైద్యులూ నర్సులూ కలిసి ఒక చిన్న పట్టికను పైకి చదివి సరిచూసుకునే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎనిమిది నగరాలలో పరీక్షించింది. వాటిలో ఢిల్లీ, అమ్మాన్ కూడా ఉన్నాయి. 2009లో వెలువడిన ఫలితాల ప్రకారం మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి. ఆ పట్టికలో కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. గదిలోని అందరూ ఒకరికొకరు తమ పేరూ పనీ చెప్పుకోవడం, అందరిలో చిన్నది కూడా ‘ఆగండి’ అనగలగడం మాత్రమే ఉన్నాయి.

తెలుగు ఇళ్ళలో పెద్దలకు ఎదురు చెప్పకపోవడమే మంచి పెంపకమని భావిస్తారు. గౌరవం అవసరమే, సందేహం లేదు. కాని ‘సార్, ఇది వేరే రోగి రక్తపు సంచి’ అని చెప్పడం ఎదురు చెప్పడం కాదు. వినయంతో నిజం చెప్పే విద్యను ఇంట్లో నేర్వని బిడ్డ, సైనిక ఆసుపత్రిలో కల్నలు ముందు దాన్ని ఒక్క రోజులో నేర్చుకోలేదు.

క్రమశిక్షణకు భంగమా?

సైన్యానికి ఆయువుపట్టు క్రమశిక్షణ. ప్రతి లెఫ్టినెంటూ తనకు తోచినట్లు నిర్ణయాలు చేస్తే వ్యవస్థ ఏమైపోతుందన్న అభ్యంతరం కొందరు అనుభవజ్ఞుల నుంచి వినిపిస్తుంది. ఇది తోసిపుచ్చదగిన మాట కాదు. రక్తపు గ్రూపును ఇద్దరు సరిచూడడం, మత్తుమందుల లెక్క, శస్త్రచికిత్స చివర దూది, పనిముట్ల లెక్క వంటివి ఏ పరిస్థితిలోనూ సొంత బుద్ధితో మార్చకూడనివి. మార్చకూడనివి ఏవో దృఢంగా తెలిసినవారికే మార్చదగినవి ఏవో తెలుస్తాయి.

నర్సింగ్ విద్యలో పేరెన్నికగన్న పట్రీషియా బెన్నర్ 1984లో ప్రతిపాదించిన క్రమం ఇక్కడ దారి చూపుతుంది. నర్సు అయిదు మెట్లు ఎక్కుతుంది. తొలి మెట్టులో నియమమే ఊతకర్ర, చివరి మెట్టులో పరిస్థితి మొత్తాన్ని ఒక్క చూపులో గ్రహించే నైపుణ్యం. మొదటి మెట్టున ఉన్నవారికి నియమాలు తీసివేయడం ఎంత తప్పో, మూడవ మెట్టుకు చేరినవారిని నియమాలకు కట్టిపడవేయడం అంత తప్పు. కనుక శిక్షణలో బాధ్యతను మెట్లు మెట్లుగా పెంచాలి. ఆజ్ఞతోబాటు దాని ఉద్దేశాన్ని కూడా చెప్పాలి. విద్యుత్తు పోయిన వార్డు, రాని అంబులెన్సు, తెలియని భాష వంటి చిక్కులను కల్పించి అభ్యాసం చేయించాలి. ప్రతి అభ్యాసం తరువాత హోదాలు పక్కనపెట్టి ఏమి జరిగిందో, ఎందుకు జరిగిందో చర్చించుకోవాలి.

2023 ఫిబ్రవరిలో టర్కీ భూకంపం సంభవించినప్పుడు ఆగ్రా నుంచి వెళ్ళిన 99 మంది భారత సైనిక వైద్య బృందం ఇస్కెండెరున్‌లో 30 పడకల ఆసుపత్రి నడిపింది. రోగుల భాష రాదు, ఊరు తెలియదు, భూమి ఇంకా కంపిస్తూనే ఉన్నది. అదే సంవత్సరం డిసెంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ గాజాలో క్షేత్ర వైద్యశాలను తెరిచింది. ఇటువంటి చోట్ల ప్రతి అడుగుకూ పై ఆజ్ఞ కోసం ఎదురుచూసేవారు క్రమశిక్షణను కాపాడుతున్నట్లు కనిపించవచ్చుగాని రోగిని కాపాడలేరు.

సంస్థ కూడా వంగాలి

వ్యక్తులను మారమని కోరే సంస్థ తాను మారకపోతే ఆ కోరికకు బలం ఉండదు. సికింద్రాబాదు సైనిక ఆసుపత్రిలో లెఫ్టినెంటుగా పనిచేస్తున్న ఒక నర్సింగ్ అధికారిణిని 1988లో, పెళ్ళి చేసుకున్నదన్న కారణంగా ఉద్యోగం నుంచి తొలగించారు. అందుకు ఆధారమైన 1977 నాటి నియమాన్ని 1995లో ఉపసంహరించారు. ఆమె పోరాటం మాత్రం 2024 ఫిబ్రవరి దాకా సాగింది. ఆ నియమం ఏకపక్షమనీ, లింగవివక్షతో కూడినదనీ ప్రకటించిన సుప్రీంకోర్టు ఆమెకు 60 లక్షల రూపాయల పరిహారం చెల్లించవలసిందిగా ఆదేశించింది. శిక్షణ పొందిన ఒక యువ నాయకురాలి సేవను సైన్యం పోగొట్టుకున్నది. ఆమె తన వృత్తిజీవితాన్ని పోగొట్టుకున్నది. ముప్పై ఆరేళ్ళ తరువాత వచ్చిన డబ్బు ఆ రెండింటిలో దేనినీ తిరిగి తీసుకురాలేదు.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతను తెలుగువారు పిల్లలను అదుపులో పెట్టడానికే తరచుగా వాడుతారు. వంగడం ఒక్కటే నేర్చిన మొక్క తీగ అవుతుందిగాని మాను కాదు. గాలి వచ్చినప్పుడు వంగాలి, గాలి తగ్గగానే తన వేరు మీద తాను నిటారుగా నిలవాలి. సైనిక నర్సింగ్ యువ అధికారిణులకు ఈ రెండూ నేర్పాలి. వేరు అంటే విజ్ఞానం, నీతి; వంపు అంటే అనువర్తన.

ప్రవాస కుటుంబాల ముందున్న పని

అల్ వర్సాన్‌లోని ఏదో ఒక తెలుగు ఇంట పన్నెండో తరగతి చదివే అమ్మాయి ‘సైనిక నర్సింగ్‌లో చేరుతాను’ అంటే ఇంట్లో ఏమి జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. ‘డాక్టరు సీటు రాకపోతే చూద్దాంలే’ అంటాడు తండ్రి. ‘ఆడపిల్లకు మిలటరీ ఏమిటమ్మా’ అంటుంది నాయనమ్మ ఫోనులో. ఆసుపత్రిలో తమకు సూది నొప్పి తెలియకుండా వేసిన నర్సును దేవతగా పొగిడే కుటుంబమే, తమ బిడ్డ నర్సు అవుతానంటే ముఖం ముడుచుకుంటుంది. ఈ ద్వంద్వ నీతిని ప్రవాస సమాజం విడనాడవలసి ఉన్నది.

భారత పౌరసత్వం గల అవివాహిత యువతులకు ఈ మార్గం తెరిచే ఉన్నది. ఇటీవలి సంవత్సరాలలో నీట్ పరీక్ష మార్కులను ఆధారం చేసుకొని పుణె, ముంబై, ఢిల్లీ, లక్నో, కోల్‌కతా, బెంగళూరులలోని ఆరు కళాశాలలలో మొత్తం 220 సీట్లకు ఎంపిక జరుగుతున్నది. 2021లో దుబాయ్‌లో కూడా నీట్ పరీక్షా కేంద్రం ఏర్పడింది. కాని ఆ ఆరు నగరాలలో ఒక్కటీ తెలుగు నేల మీద లేదు. పెద్ద సైనిక ఆసుపత్రి ఉన్న సికింద్రాబాదు, నావికాదళ ఆసుపత్రి ఉన్న విశాఖపట్నం ఇందుకు అన్ని విధాలా తగినవి. తెలుగు సంఘాలు ఏటా జరుపుకునే సభలలో చేసే తీర్మానాలలో ఈ కోరికకూ ఒక చోటు దొరికితే బాగుంటుంది. ఉగాది వేదిక మీద సినీ తారలకు కప్పే శాలువలలో ఒకటి, ఆ ఊరిలోనే రాత్రి విధులు చేస్తున్న తెలుగు నర్సు భుజం మీద కప్పితే ఇంకా బాగుంటుంది. పిల్లలు చూసేది పెద్దలు ఎవరికి లేచి నిలబడుతున్నారన్నదే.

ఇక ఇంట్లో చేయదగిన శిక్షణకు ఖర్చు లేదు. పదేళ్ళ పిల్లకు ఒక చిన్న బాధ్యత అప్పగించి, ఎలా చేయాలో కాక ఎందుకు చేయాలో చెప్పి, పొరపాటు చేసి వచ్చి చెప్పుకున్నప్పుడు కోపగించకుండా వినడమే ఆ శిక్షణ. ఆ పిల్ల సైన్యంలో చేరినా చేరకపోయినా, ఏదో ఒక రాత్రి ఏదో ఒక చోట నలుగురూ ఆమె వైపు చూసే ఘడియ వస్తుంది. ఆ ఘడియలో సిలిండరులో ఎంత వాయువు మిగిలి ఉన్నదో ఆమె అప్పటికే లెక్క వేసుకొని ఉంటుంది.